ఈఎంఐ అంటే వాయిదాలు కాదు: ఆర్క్ ల్యాంప్ వెలిగిన క్షణంలో పక్కనున్న గాడ్జెట్‌కి ఏమవుతుంది?

మన సైట్‌లో ఈఎంఐ అనే మాట కనిపిస్తే దాని పక్కన ఎప్పుడూ ‘నో కాస్ట్’ అనో, ‘పన్నెండు నెలలు’ అనో ఉంటుంది. ఈ ఆర్టికల్‌లో ఈఎంఐ వేరు. ఎలక్ట్రోమాగ్నెటిక్ ఇంటర్‌ఫియరెన్స్. పుస్తకాల తెలుగులో విద్యుదయస్కాంత జోక్యం. ఒక కరెంటు పరికరం చేసే గోల, దానికి ఏ సంబంధమూ లేని ఇంకో పరికరం లోపలికి పిలవని పేరంటంలా దూరిపోవడం. ఫోన్ వాయిదా కనీసం తేదీ చెప్పి వస్తుంది. ఇది చెప్పాపెట్టకుండా వస్తుంది.

ఈ టాపిక్ ఎందుకు ఎత్తుకున్నానంటే, ఒకే రకం కంప్లైంట్ నాకు మూడు చోట్ల నుంచి వినబడింది. షార్ట్ ఫిల్మ్ తీస్తున్న కుర్రాళ్ళు, పెద్ద లైట్ ఆన్ చేయగానే ఫోన్‌కి తగిలించిన ఎస్‌ఎస్‌డీ దానంతట అదే డిస్‌కనెక్ట్ అయిందన్నారు. బైక్‌కి తక్కువ ధరలో హెచ్‌ఐడీ కిట్ వేయించుకున్న ఒకతను, హెడ్‌లైట్ వేసినప్పటి నుంచీ ఫోన్‌లో ఎఫ్‌ఎం గరగరమంటోందన్నాడు. బయాలజీలో పీహెచ్‌డీ చేస్తున్న ఒకమ్మాయి, పక్క బల్ల మీద మైక్రోస్కోప్ దీపం వెలిగించగానే తన కెమెరా సాఫ్ట్‌వేర్ ఆగిపోయి, రాత్రంతా నడవాల్సిన రికార్డింగ్ పోయిందని చెప్పింది. ముగ్గురూ తిట్టింది గాడ్జెట్‌నే. ఎస్‌ఎస్‌డీ డొల్ల, ఫోన్ డొల్ల, కెమెరా డొల్ల. మూడు కథల్లోనూ ఉన్న ఉమ్మడి పాత్ర ఆర్క్ ల్యాంప్ మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు.

రిటర్న్ పెట్టి, ఒక స్టార్ రేటింగ్ ఇచ్చి, కొత్త పీస్ తెచ్చుకుంటే అదీ ఇలాగే ఆగిపోతుంది. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను. ఫిజిక్స్ కొంచెం ఉంటుంది, ఓపిక పట్టండి.

వెలుగుతున్నంతసేపూ బుద్ధిమంతుడే

ఆర్క్ ల్యాంప్‌లో ఫిలమెంట్ ఉండదు. క్వార్ట్జ్ గాజు బుడ్డి లోపల రెండు టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్లు, వాటి మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ, చుట్టూ జెనాన్ లాంటి గ్యాస్. ఆ ఖాళీలో గ్యాస్ ప్లాస్మాగా మారి, కళ్ళు చెదిరేంత వెలుగు ఇస్తుంది. థియేటర్ ప్రొజెక్టర్‌లో వాడే జెనాన్ బల్బు లోపల, అది చల్లగా ఉన్నప్పుడే, బయటి గాలికి సుమారు పది రెట్ల ఒత్తిడి ఉంటుంది. వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. బల్బు మార్చేవాళ్ళు ముఖానికి షీల్డ్ పెట్టుకునేది అందుకే. కాబట్టి ఇది చదివి ఎవరూ ల్యాంప్ హౌస్ మూత విప్పొద్దు.

ఇప్పుడు అసలు తమాషా. 2000 వాట్ల జెనాన్ దీపం వెలుగుతున్నప్పుడు దాని మీద ఉండే వోల్టేజ్ ఎంతో తెలుసా? సుమారు 25 వోల్టులు. మీ ల్యాప్‌టాప్ టైప్-సీ ఛార్జర్ ఇచ్చే 20 వోల్టులకి కాస్త ఎక్కువ, అంతే. కరెంటు మాత్రం 80 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఒకసారి ఆర్క్ నిలబడ్డాక, మంచి రెక్టిఫైయర్ ఉంటే, ఈ డీసీ దీపం పక్కవాళ్ళని పెద్దగా ఇబ్బంది పెట్టదు.

కానీ ఆ ఆర్క్ మొదలవ్వాలి కదా. చల్లటి గ్యాస్ మంచి ఇన్సులేటర్. దాన్ని బద్దలు కొట్టి కరెంటుకి దారి వేయాలంటే 25 వోల్టులు ఏ మూలకీ సరిపోవు. 20 వేల నుంచి 40 వేల వోల్టుల దెబ్బ కావాలి. ఆ పని చేసేది ఇగ్నైటర్. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కెపాసిటర్‌ని ఛార్జ్ చేస్తుంది, నిండగానే అది చిన్న స్పార్క్ గ్యాప్ గుండా పేలుతుంది, ఆ పేలుడు ఒక కాయిల్ ద్వారా పెరిగి దీపం వైరు మీదికి ఎక్కుతుంది. సెకనులో చిన్న ముక్క సేపు ‘చిర్ర్’మని శబ్దం, తర్వాత వెలుగు.

అందుకే వాట్లు చూసి గోలని అంచనా వేయకూడదు. మైక్రోస్కోప్‌లో పెట్టే 100 వాట్ల మెర్క్యురీ దీపం మన ఇంటి పాత బల్బంత పవరే తీసుకుంటుంది. అయినా వెలగడానికి దానికీ వేల వోల్టుల దెబ్బ కావాల్సిందే. పక్కనున్న కెమెరాకి ఆ దెబ్బ తెలుస్తుంది గానీ, దీపం 100 వాట్లదా 2000 వాట్లదా అనేది తెలియదు.

ఇంట్లో దీనికి చిన్న తమ్ముడు ఉన్నాడు: గ్యాస్ స్టవ్ లైటర్. మీరు నొక్కగానే లోపలి పీజో క్రిస్టల్ మీద సుత్తి దెబ్బ పడి, వేల వోల్టుల స్పార్క్ వస్తుంది. ‘టిక్’. ఇగ్నైటర్ చేసేదీ ఇదే తరహా పని, కాకపోతే అది ఒకే టిక్‌తో ఊరుకోదు, వెనక్కి వెనక్కి కొడుతుంది, దాని చేతిలో శక్తి కూడా చాలా ఎక్కువ.

రెండు లెక్కలు, పెన్నూ పేపరూ చాలు

స్పార్క్ ఎందుకంత ప్రమాదం అంటే అందులో ఉన్న వోల్టులకంటే ఆ వోల్టులు మారే వేగం వల్ల. 20 వేల వోల్టులు మెల్లగా పెరిగి మెల్లగా తగ్గితే పక్కవాడికి ఏమీ తెలియదు. కానీ స్పార్క్ పడినప్పుడు అది కొన్ని నానోసెకన్లలో కూలిపోతుంది.

ముందు మొదటి లెక్క. దీపం వైరుకీ, దాని పక్కగా వెళ్తున్న మీ యూఎస్‌బీ కేబుల్‌కీ మధ్య ఏ కనెక్షనూ లేదు. అయినా రెండు లోహాల మధ్య గాలి ఉంటే అది ఒక కెపాసిటరే. చాలా చిన్నది, ఒక పికోఫారడ్ అనుకుందాం. కెపాసిటర్ గుండా పోయే కరెంటు, కెపాసిటెన్స్‌ని వోల్టేజ్ మారే వేగంతో గుణిస్తే వస్తుంది. 20 వేల వోల్టులు 10 నానోసెకన్లలో పడిపోతే? లెక్క వేయండి: 2 ఆంపియర్లు. గాలిలోంచి, తీగ తగలకుండా, మీ కేబుల్‌లోకి 2 ఆంపియర్లు. 10 నానోసెకన్లే, నిజమే. కానీ హైస్పీడ్ యూఎస్‌బీ 2.0 డేటా ఊగేది 400 మిల్లీవోల్టుల దగ్గర. ఒక్కో బిట్ పట్టే సమయం రెండు నానోసెకన్ల పైచిలుకు. అంత సన్నటి మాటల మధ్యలో ఈ అరుపు పడితే అవతలి చిప్‌కి ఏం వినబడుతుంది?

రెండో లెక్క ఎర్త్ వైరుది. మీటరు పొడవు తీగకి సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. అందులో ఒక్క ఆంపియర్ 10 నానోసెకన్లలో మారితే తీగ రెండు చివర్ల మధ్య 100 వోల్టులు పుడతాయి. ‘ఎర్త్ చేశాం కదా, ఇంకేం భయం’ అనేవాళ్ళకి ఇది చూపించాలి. మల్టీమీటర్‌తో కొలిస్తే ఆ తీగ రెసిస్టెన్స్ సున్నాకి దగ్గరే. స్పార్క్ దృష్టిలో మాత్రం అది గోడ. అప్పుడు 3.3 వోల్టుల చిప్ తన ‘సున్నా’ ఎక్కడుందో తెలియక తికమక పడుతుంది, రీసెట్ అవుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఒక నానోసెకనులో లేచే పల్స్‌లో 350 మెగాహెర్ట్జ్ దాకా ఫ్రీక్వెన్సీలు ఉంటాయని ఇంజనీర్లు లెక్క కడతారు. అంటే ఏఎం, ఎఫ్‌ఎం, రెండూ దాని కిందికే వస్తాయి. మీటరు పొడవు కేబుల్ 75 మెగాహెర్ట్జ్ దగ్గర చక్కటి క్వార్టర్ వేవ్ యాంటెన్నా. మనం బ్యాగులో వేసుకు తిరిగే కేబుళ్ళన్నీ దాదాపు ఆ పొడవే. కావాలని డిజైన్ చేసినా ఇంత బాగా కుదరదు.

రేడియోకి తాత ఈ దీపమే

ఇంతకీ స్పార్క్ రేడియోలా ప్రవర్తించడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే మొదటి రేడియో స్పార్కే. 1887లో హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలని పుట్టించింది రెండు లోహపు గుండ్ల మధ్య స్పార్క్‌తోనే. 1901లో మార్కోనీ అట్లాంటిక్ దాటించానని ప్రకటించిన సిగ్నల్‌కి మూలం కూడా స్పార్కే. కాయిల్, కెపాసిటర్, స్పార్క్ గ్యాప్, పొడవాటి తీగ. పైన చెప్పిన ఇగ్నైటర్ సర్క్యూట్ మళ్ళీ ఒకసారి చదవండి. సరుకులన్నీ అవే.

ఆర్క్ కథ ఇంకా బాగుంటుంది. 1900 ప్రాంతంలో లండన్‌లో వీధి దీపాలుగా కార్బన్ ఆర్క్‌లు ఉండేవి. అవి జుమ్మని మోత పెట్టేవి. ఆ మోత సంగతి చూస్తున్న విలియం డడెల్ అనే ఇంజనీరు, ఆర్క్‌కి అడ్డంగా ఒక కాయిల్, కెపాసిటర్ కలిపితే ఆ మోత ఒక స్వరంగా మారుతుందని గమనించాడు. కీబోర్డ్ తగిలించి ఆర్క్ చేత పాట పాడించాడు. ఆయన ప్రదర్శన ఇస్తుంటే, అదే కరెంటు లైన్ మీద ఉన్న వేరే చోటి ఆర్క్ దీపాలు కూడా ఆ పాటే పాడాయని చెప్తారు. అందరూ దాన్ని వింతగా చెప్పుకుంటారు. నాకైతే అది కండక్టెడ్ ఇంటర్‌ఫియరెన్స్‌కి దొరికిన అందమైన ఉదాహరణలా కనిపిస్తుంది: గోల గాలిలోంచే రానక్కర్లేదు, ప్లగ్ పాయింట్‌లోంచి కూడా వస్తుంది. కొద్ది ఏళ్ళకే డెన్మార్క్‌లో పౌల్సెన్ ఈ పాడే ఆర్క్‌ని రేడియో ట్రాన్స్‌మిటర్‌గా మార్చేశాడు.

ఫోన్ ఎందుకు బతుకుతుంది, కేబుల్ పెట్టగానే ఎందుకు తూలుతుంది

ఇక మన ఏరియా. ఒంటరిగా జేబులో ఉన్న స్మార్ట్‌ఫోన్ ఈ గోలకి చాలా వరకు తట్టుకుంటుంది. చిప్‌ల మీద లోహపు టోపీలు ఉంటాయి, బోర్డు లోపల ఒక పొర పూర్తిగా గ్రౌండ్, పోర్టుల దగ్గర దెబ్బ తినడానికే పెట్టిన చిన్న డయోడ్లు, పైగా బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి గోడతో సంబంధం లేదు. సైజు కూడా కలిసొచ్చింది. చిన్న వస్తువు చెడ్డ యాంటెన్నా.

దానికి ఛార్జర్ పెట్టండి, కథ మారిపోతుంది. ఇప్పుడు ఫోన్‌కి మీటరు తోక వచ్చింది, ఆ తోక గోడలోని కరెంటు లైన్‌కి కలిసింది. టచ్ స్క్రీన్ మీ వేలిని గుర్తుపట్టేది పికోఫారడ్ లేదా అంతకంటే తక్కువ మార్పుని కొలిచి. కేబుల్‌లోంచి వచ్చిన గోల మొత్తం ఫోన్‌ని పైకీ కిందకీ ఊపితే, ఎవరూ తాకకుండానే స్క్రీన్ తాకినట్టు అనుకుంటుంది. చవక ఛార్జర్ పెట్టినప్పుడు కీబోర్డు దానంతట అదే టైప్ చేయడం చూసే ఉంటారు. అది మెల్లగా నిత్యం జరిగే ఈఎంఐ. ఆర్క్ ఇగ్నైటర్ చేసేది అదే పని, ఒక్క పెద్ద గుద్దుగా.

ఓటీజీ ఎస్‌ఎస్‌డీ, గింబల్, వైర్ మైక్, క్యాప్చర్ కార్డ్, వీటన్నిటికీ అదే బలహీనత. నేను రివ్యూకి వచ్చిన ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లని చూసేటప్పుడు స్పీడ్ టెస్ట్‌తో పాటు కేబుల్ షీల్డ్ కూడా చూస్తాను. షీల్డ్ అల్లిక కనెక్టర్ లోహపు తొడుగుకి చుట్టూ అంటుకుని ఉంటే మంచిది. చాలా చవక కేబుళ్ళలో అది ఒక సన్న తీగ ముక్కతో కలిసి ఉంటుంది, లేదా అసలు కలవదు. పైన ఎర్త్ వైరు లెక్క గుర్తుందిగా.

కంప్యూటర్ మానిటర్‌ల దగ్గరా ఇదే కథ. గ్యాస్ లిఫ్ట్ ఉన్న ఆఫీసు కుర్చీలోంచి లేచినప్పుడు పుట్టే స్టాటిక్ వల్ల మానిటర్ ఒక్క క్షణం నల్లబడొచ్చని డిస్‌ప్లేలింక్ సంస్థ తన సపోర్ట్ పేజీలోనే రాసింది. కుర్చీకే అంత సీన్ ఉంటే, 30 వేల వోల్టుల ఇగ్నైటర్ సంగతి చెప్పాలా.

నష్టం రెండు రకాలు. ఎక్కువసార్లు జరిగేది తాత్కాలిక గందరగోళం: రీసెట్, డిస్‌కనెక్ట్, హ్యాంగ్. హార్డ్‌వేర్ బాగానే ఉంటుంది, ఆఫ్ చేసి ఆన్ చేస్తే సరి. కానీ ఆ క్షణంలో కార్డు మీద ఫైల్ రాస్తుంటే, రాయడం పూర్తికాని క్లిప్ పోతుంది, ఒక్కోసారి కార్డు మొత్తం ఫార్మాట్ అడుగుతుంది. రెండో రకం అరుదు, కానీ ఖరీదు: ఇన్‌పుట్ దగ్గరి చిప్ నిజంగానే కాలిపోవడం. పొడవాటి కేబుళ్ళతో కలిసిన సున్నితమైన సైంటిఫిక్ కెమెరాలకి ఈ భయం ఉంది.

వంటింట్లో చూసే ప్రయోగం

నమ్మకం కుదరకపోతే ఇలా చూడండి. పాత పాకెట్ రేడియో ఒకటి తీసుకుని ఏఎంలో, ఏ స్టేషనూ లేని చోట పెట్టండి. గ్యాస్ లైటర్‌ని స్టవ్‌కి, సిలిండర్‌కి దూరంగా, వేరే గదిలో నొక్కండి. ప్రతి నొక్కుకీ రేడియోలో ‘టప్’ అని వినిపిస్తుంది. దూరం జరుగుతూ పోండి, తగ్గుతుంది. ఇప్పుడు రెండు మీటర్ల వైరు ముక్క ఒకటి తీసుకుని, ఒక కొస రేడియో పక్కన, ఇంకో కొస లైటర్ దగ్గర పడేయండి. దేనికీ తగిలించకండి, ఊరికే పక్కన పెట్టండి. దూరంగా ఉన్నా టప్ మళ్ళీ గట్టిపడుతుంది. గోలని మోసుకొచ్చింది ఆ తీగే.

రెండో భాగం నాకు ఇంకా ఇష్టం. ఎఫ్‌ఎం ఉన్న పాత ఫోన్ ఉంటే దాన్ని స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, ఇయర్‌ఫోన్ తీగ మాత్రం మూత సందులోంచి బయటికి తీయండి. డబ్బా షీల్డ్ కదా, టప్ రాకూడదు కదా? వస్తుంది. ఎఫ్‌ఎంకి ఆ ఇయర్‌ఫోన్ తీగే యాంటెన్నా. ఎంత మంచి డబ్బా అయినా ఒక్క తీగ బయటికి వస్తే ఆ తీగ వెంట గోల లోపలికి నడిచి వస్తుంది. పెద్ద పెద్ద ప్రొడక్ట్‌లు ఈఎంసీ టెస్ట్‌లో ఫెయిలయ్యేది ఎక్కువగా ఈ పాయింట్ దగ్గరే. లైటర్ స్పార్క్‌ని మాత్రం నేరుగా ఫోన్ మీద కొట్టొద్దు. అది ఇంకో ప్రయోగం, ఒక్కసారే చేయగలరు.

ల్యాబ్ పద్ధతి వేరు, థియేటర్ పద్ధతి వేరు

ఆ పీహెచ్‌డీ అమ్మాయి ల్యాబ్‌లో గోడ మీద ఒక కార్డు అంటించి ఉంది, ఫోటో పంపింది. మొదటి లైను: ముందు దీపం, తర్వాతే కంప్యూటర్, కెమెరా. ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్‌లు ఉన్న ల్యాబ్‌లు చాలా చోట్ల పాటించే నియమమే ఇది. చిర్ర్ అనే క్షణం అయిపోయాక ఎలక్ట్రానిక్స్ నిద్ర లేస్తే, వాటికి గొడవ జరిగిందనే తెలియదు. మధ్యలో దీపం ఆరిపోతే? వెంటనే వెలిగించొద్దు. మెర్క్యురీ దీపం చల్లారాలి, అరగంట పడుతుంది. ఈలోగా ఫైళ్ళు సేవ్ చేసి, కెమెరా, కంప్యూటర్ ఆపి, దీపం వెలిగించి, మళ్ళీ అన్నీ ఆన్ చేయాలి. విసుగే. కానీ ఖర్చు సున్నా, పని చేసే పద్ధతి.

ఆమెకి జరిగిన నష్టంలో మెలిక ఏంటంటే, ఆమె నియమం తప్పలేదు. తన దీపాన్ని ముందే వెలిగించింది. పక్క బల్ల వాళ్ళూ తప్పలేదు, వాళ్ళ కంప్యూటర్ కంటే ముందు వాళ్ళ దీపం వెలిగించారు. రెండు మైక్రోస్కోపులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద ఉన్నాయి, అంతే. నియమం ఒక బల్లకి రాశారు, కరెంటు లైన్ గదికంతటికీ ఒకటే. లండన్‌లో పక్క దీపాలు కూడా పాడిన కథ ఇదే. నేను చెప్పిందల్లా రెండింటికీ వేరే సర్క్యూట్ పాయింట్లు వాడమని, కెమెరా కేబుల్‌ని దీపం పవర్ బాక్స్ వెనక నుంచి తీసేసి బల్ల ఇంకో అంచు గుండా తిప్పమని, రాత్రి రికార్డింగ్ ఉన్నప్పుడు తలుపు మీద కాగితం పెట్టమని. మూడో సలహాకే ఎక్కువ ఫలితం ఉంటుందని నా అభిప్రాయం.

థియేటర్ ప్రొజెక్టర్‌కి ఈ ‘ముందు దీపం’ పద్ధతి కుదరదు. మన ఊళ్ళలో సింగిల్ స్క్రీన్ బూత్‌లు గుర్తు చేసుకోండి. కార్బన్ కడ్డీల కాలం పోయి జెనాన్ వచ్చింది, ఫిల్మ్ పోయి డిజిటల్ వచ్చింది. డిజిటల్ ప్రొజెక్టర్‌లో కూలింగ్, సెన్సర్లు, కంట్రోల్ బోర్డు అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే దీపం వెలగాలి. అంటే ఎలక్ట్రానిక్స్ మేలుకుని ఉండగానే పక్కన వేల వోల్టుల స్పార్క్ పడాలి. 2కే ప్రొజెక్టర్ చిప్ మీద 2048 ఇంటూ 1080, అంటే 22 లక్షల బుల్లి అద్దాలు ఉంటాయి. అది కూర్చునేది కొన్ని కిలోవాట్ల జెనాన్ దీపం ఉన్న పెట్టెలోనే. షో మధ్యలో కరెంటు పోయి జెనరేటర్ మీదికి మారితే, యూపీఎస్ మీద సర్వర్ నడుస్తుండగానే దీపం మళ్ళీ వెలిగించాల్సి వస్తుంది.

కాబట్టి అక్కడ జాగ్రత్త అంతా తయారీలోనే చేస్తారు. ఇగ్నైటర్‌ని దీపానికి వీలైనంత దగ్గరగా పెడతారు, హైవోల్టేజ్ తీగ పొట్టిగా ఉండాలని. దీపం చుట్టూ మొత్తం లోహపు గది. డేటా తీగలకి వేరే దారి, ఎక్కడ వీలైతే అక్కడ ఫైబర్. గాజు తీగలో వెలుతురు వెళ్తుంది కాబట్టి స్పార్క్ దాన్ని ఏమీ చేయలేదు.

దీపం ముసలిదయ్యే కొద్దీ గోల పెరుగుతుంది, ఇది చాలామంది పట్టించుకోని విషయం. ఎలక్ట్రోడ్ కొసలు అరిగాక ఒక్క దెబ్బకి ఆర్క్ నిలబడదు. ఇగ్నైటర్ మళ్ళీ మళ్ళీ కొడుతుంది. మొన్నటిదాకా బాగున్న సెటప్‌లో ఈమధ్యే హ్యాంగ్‌లు మొదలయ్యాయంటే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌ని తిట్టే ముందు బల్బు ఎన్ని గంటలు నడిచిందో మీటర్ చూడండి. మైక్రోస్కోప్‌లోని 100 వాట్ల మెర్క్యురీ బల్బు ఆయుష్షు 200 గంటల ప్రాంతమే.

షూటింగ్‌లోనూ, బైక్ మీదా

సినిమా లొకేషన్లలో కనిపించే హెచ్‌ఎంఐ లైట్లు కూడా ఆర్క్ ల్యాంపులే. ఏసీ మీద నడుస్తాయి. వీటిలో ప్రమాదం వేడిగా ఉన్నప్పుడు మళ్ళీ వెలిగించడం. లోపల ఒత్తిడి పెరిగి ఉంటుంది కాబట్టి చల్లటి దీపానికంటే చాలా ఎక్కువ వోల్టేజ్ కావాలి. షార్ట్ ఫిల్మ్ కుర్రాళ్ళకి జరిగింది అదే. టేక్ మధ్యలో లైట్ ఆపారు, రెండు నిమిషాలకి మళ్ళీ వేశారు, ఫోన్ మీద రికార్డింగ్ నడుస్తూనే ఉంది, ఎస్‌ఎస్‌డీ కేబుల్ హెడ్ కేబుల్ మీదుగా పోతోంది. ఇలాంటి చోట చేయాల్సింది సింపుల్: లైట్‌మన్ ‘స్ట్రైక్’ అని అరిచినప్పుడు రికార్డింగ్ ఆగి ఉండాలి. కేబుళ్ళు దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి, పక్కపక్కన సమాంతరంగా పరుచుకోకూడదు. గింబల్, ఎస్‌ఎస్‌డీ కేబుళ్ళకి గాడ్జెట్ వైపు కొస దగ్గర క్లిప్-ఆన్ ఫెర్రైట్ వేస్తే సాయపడుతుంది. పాత మానిటర్ కేబుళ్ళకి ఉండే నల్లటి ఉండ అదే. అద్భుతాలేమీ చేయదు, కానీ రేటుకి తగ్గ పని చేస్తుంది.

ఒక కన్‌ఫ్యూజన్ తీర్చాలి. హెచ్‌ఎంఐ కింద ఫోన్ వీడియోలో అడ్డ చారలు వస్తే అది ఈఎంఐ కాదు. పాత మాగ్నెటిక్ బ్యాలస్ట్ మీద దీపం 50 హెర్ట్జ్ కరెంటుతో సెకనుకి 100 సార్లు తగ్గి పెరుగుతుంది, మీ షట్టర్ స్పీడ్ దానితో కుదరడం లేదు, అంతే. షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి. దీనికి ఫెర్రైట్ కొని లాభం లేదు.

ఇంకో చిన్న లెక్క డ్రోన్ ఎగరేసేవాళ్ళకి. డీసీ జెనాన్ దీపానికి వెళ్ళే 80 ఆంపియర్ల తీగ ఒంటరిగా ఉంటే, మీటరు దూరంలో దాని అయస్కాంత క్షేత్రం 16 మైక్రోటెస్లాలు. మన దగ్గర భూమి క్షేత్రం 40 మైక్రోటెస్లాల పైన. అంటే కంపాస్‌ని చాలా డిగ్రీలు తిప్పేయగలదు. ఫోన్‌లో ఏదైనా మాగ్నెటోమీటర్ యాప్ వేసి మీరే చూడొచ్చు. వెళ్ళే తీగ, వచ్చే తీగ కలిపి మెలేస్తే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని దాదాపు మాయమవుతుంది.

ఇక బైక్ కిట్. కార్లలో జెనాన్ హెడ్‌లైట్ 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో వచ్చింది. 35 వాట్ల దీపం, వెలగడానికి 20 వేల వోల్టుల పైన, వెలిగాక 85 వోల్టుల దగ్గర ఏసీ. కంపెనీ వేసిచ్చే వాటిలో బ్యాలస్ట్‌కి లోహపు పెట్టె, తీగలకి షీల్డ్ అల్లిక ఉంటాయి. ఆన్‌లైన్‌లో దొరికే చవక కిట్‌లలో చాలావాటికి ప్లాస్టిక్ డబ్బా, మీటరు పొడవు ఉత్త తీగలు. థియేటర్‌లో ఉన్న కట్టుదిట్టమూ లేదు, ల్యాబ్‌లో ఉన్న వరసా లేదు, ఎందుకంటే బైక్ స్టార్ట్ అయ్యాకే కదా లైట్ వేస్తారు. ఇక్కడ స్పార్క్‌తో అయిపోదు, వెలుగుతున్నంతసేపూ బ్యాలస్ట్ లోపలి స్విచింగ్ గోల సాగుతూనే ఉంటుంది. ఆ ఎఫ్‌ఎం గరగర అదే. హ్యాండిల్ మీద ఫోన్ మౌంట్, అందులో ఛార్జింగ్ కేబుల్, అది వెళ్ళేది అదే బ్యాటరీకి.

అతనికి కిట్ తీసేయమనే చెప్పాను. హ్యాలోజెన్ రిఫ్లెక్టర్‌లో హెచ్‌ఐడీ బల్బు పెడితే ఎదురొచ్చేవాడి కళ్ళు పోతాయి, ఈఎంఐ సంగతి ఆ తర్వాత. తీయనంటే మాత్రం బ్యాలస్ట్‌ని ఫోన్ మౌంట్‌కి దూరంగా, ఫ్రేమ్ లోహానికి గట్టిగా బిగించి, దీపం తీగలు రెండూ కలిపి మెలేసి, పవర్ తీగకి బ్యాలస్ట్ దగ్గరే ఫెర్రైట్ వేయాలి. వారం తర్వాత మెసేజ్ పెట్టాడు. తీగలు మెలేశాడట, ఫెర్రైట్ కూడా వేశాడట, గరగర సగానికి తగ్గిందట. కిట్ తీయలేదు.